సముద్రతీరవనములు – మన విహారయాత్రలు

మా పాఠశాల గ్రంథాలయమునందు నార్వే దేశమును గూర్చిన బొమ్మల పుస్తకమొకటి కలదు. అందలి తీరవనముల చిత్రములను త్రిప్పి చూచుచు తొమ్మిదవ తరగతి బాలుడొకడు, "సార్, మనకు ఇటువంటివి లేవా?" అని యడిగెను. మేము బదులు చెప్పుటకు ముందే ప్రక్కనున్న బాలుడు, "మనకు సముద్రమే లేదు గదరా!" అనెను. అందరును నవ్విరి. మేమును నవ్వితిమి. కాని యా మాట మా మనస్సున ముల్లువలె నాటుకొని చాల దినములు పోలేదు. ఈ వ్యాసమునకు కారణమదియే.

రెండవ బాలుడు చెప్పినది పటమునుబట్టి చూచినచో తప్పు కాదు. 2014 జూన్ 2వ తేదీనుండి మన తెలంగాణ రాష్ట్రమునకు సముద్రతీరము లేదు. అంతకుముందు నిజాము ప్రభువుల కడపటి కాలపు హైదరాబాదు రాజ్యమునకును లేదు. అయినను గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్టణమే యీ దేశమునకు ముఖ్యమైన రేవుగా నుండెను. 1605లో డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును వ్యాపారమునకై వచ్చి కొట్లు పెట్టినది అచ్చటనే. నేడు హైదరాబాదునుండి సూర్యాపేట, కోదాడలమీదుగా పోవు 65వ నంబరు జాతీయరహదారి మచిలీపట్టణముననే ముగియుచున్నది. మన పిల్లలు ప్రతిదినము చూచు లారీలు ఆ దారిన సముద్రమువైపు పోవుచునే యున్నవి.

రహదారి మాట యటుండనిండు. మట్టపల్లి రేవున మునిగి లేచినవాడెవ్వడును తనకు సముద్రముతో సంబంధము లేదనుటకు వీలులేదు. ఆ నీరు మహాబలేశ్వరమున బుట్టి, వాడపల్లియొద్ద మూసీనదిని గలుపుకొని, మన ప్రాంతపు పొలిమేరల నొరసికొనుచు విజయవాడ దాటి, సుమారు 1,400 కిలోమీటర్ల పయనము ముగించి దివిసీమలో హంసలదీవి ప్రాంతమున సముద్రమున బడుచున్నది. ఆ నది నడిమి భాగమును మనవారు బాగుగా నెరుగుదురు. దాని కడ యెట్లుండునో చూచినవారు మా తరగతులలో వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమంది మాత్రమే కలరు.

మా యభిప్రాయమును ముందే చెప్పివేసెదము. మన పాఠశాల విహారయాత్రలలో నొకటి, రెండేండ్లకొక పర్యాయమైనను, కృష్ణ సముద్రమున గలియు చోటికి, అచ్చటి మడయడవులకు సాగవలయును. ఇది వేడుకకై చెప్పుచున్న మాట కాదు.

ప్రస్తుతము మన యాత్రలెట్లు జరుగుచున్నవో తల్లిదండ్రులకు తెలియనిది కాదు. తెల్లవారుజామున రెండు బస్సులు బయలుదేరును. నగరము చేరునప్పటికి ఎండ నడినెత్తికెక్కును. ఒకచోట యంత్రపు టుయ్యాలలు, ఒకచోట సిమెంటుతో కట్టిన జలపాతము, మరియొకచోట గాజుపెట్టెలలో చేపలు. ప్రతిచోటను వరుసలో నిలువబడుట, టిక్కెట్టు కొనుట. పిల్లలు సంతోషింతురు, ఆ సంతోషమును మేము చులకన చేయువారము కాము. కాని మరునాడు వ్యాసము వ్రాయుడని చెప్పినచో, పెక్కుమంది బస్సులో పాడిన పాటలను గూర్చియు, దారిలో తిన్న పులిహోరను గూర్చియు వ్రాయుదురు. (ఆ వ్యాసములు మాయొద్ద భద్రముగా నున్నవి. పులిహోర వర్ణనములు నిజముగా బాగున్నవి.) చూచిన వస్తువులను గూర్చి రెండు వాక్యములు మించి వ్రాసినవారు కొలదిమందియే. చూచినదానితో వారికి పనిలేదు. అది వారిని ఏ ప్రశ్నయు నడుగలేదు.

ఇక నార్వేవారి సంగతి. వారి తీరరేఖను దీవులన్నిటితో గలిపి కొలిచినచో లక్ష కిలోమీటర్లు దాటును. ఆ దేశమున మొదటి జాతీయవనము 1962లో రోందానె యను పర్వతప్రాంతమున నేర్పడెను. సముద్రమును గూడ వనముగా నెంచి కాపాడవలెనను తలంపు తరువాతిది. స్వీడను సరిహద్దునొద్ద 2009లో నేర్పరచిన యీత్రె హ్వాలెర్ వనమునందు సుమారు 350 చదరపు కిలోమీటర్లలో నేల మిక్కిలి కొలది, తక్కినదెల్ల నీరే. ఆ నీటి యడుగున చలిసముద్రములలో బెరుగు పవడపుదిబ్బ లున్నవి. స్వీడనువారు తమ వైపున అదే సంవత్సరము మరియొక సముద్రవనమును దానికి ఆనించియే యేర్పరచిరి. సరిహద్దు గీత చేపలకు తెలియదు గదా! తరువాత 2013లో ఫేర్డెర్, 2016లో రాయెత్, యోమ్‌ఫ్రూలాన్డ్ అను తీరవనములు వెలసినవి.

అయితే మా మనస్సునకు బట్టినది ఆ వనముల యందముకన్న వానిలో నడచు మర్యాద. 1957లో వారు చేసికొన్న శాసనమునుబట్టి, సాగులేని నేలమీద, అది పరుల సొత్తైనను సరే, ఎవ్వరైనను కాలినడకన పోవచ్చును. రాత్రికి గుడారము వేసికొనవచ్చును. కాని నివాసగృహమునకు 150 మీటర్ల దూరము విడువవలయును. పక్షులు గ్రుడ్లు పెట్టుకొను రక్షితదీవులు పెక్కింటిపై ఏప్రిల్ 15 మొదలు జూలై 15 వరకు మనుష్యుడు కాలు మోపరాదు. సముద్రపుటొడ్డునకు 100 మీటర్లలోపల క్రొత్త కట్టడములు సామాన్యముగా నిషిద్ధములు. హక్కును హద్దును అచ్చటి పిల్లలు ఒక్కసారిగానే నేర్చుకొందురు. పుస్తకమునుండి గాక కాళ్ళతో నడచి నేర్చుకొందురు.

మనకు చట్టములు లేకపోలేదు. 1991లో భారతప్రభుత్వము తీరప్రాంత నియంత్రణ ప్రకటన గావించి, పోటునీరు చేరు గీతనుండి 500 మీటర్ల వరకు గల నేలను నియమములక్రిందికి దెచ్చినది. ఆ ప్రకటన 2011లోను, 2019లోను మార్పులు పొందినది. 1996 డిసెంబరులో సుప్రీముకోర్టువారు ఆ పరిధిలోని రొయ్యలచెరువులను గూర్చి కఠినమైన తీర్పు నిచ్చిరి. ఇన్ని యున్నను, మడచెట్టును నరికినచో తనకేమి నష్టమో తెలిసిన పౌరుడు మన పల్లెలలో నెందరు? తెలియనిది వారి దోషము కాదు. ఎవ్వరును వారికి చూపలేదు.

అచ్చట చూడదగిన దేమి యని యడుగువారికై కొంచెము విపులముగా వ్రాసెదము.

అవనిగడ్డకు చేరువనున్న పులిగడ్డయొద్ద కృష్ణ చీలును. ఆ పాయల నడుమనున్న నేలయే దివిసీమ. సముద్రపుటంచున కృష్ణా వన్యప్రాణి అభయారణ్యమున్నది. 1989లో నేర్పడిన యీ వనము సుమారు 194 చదరపు కిలోమీటర్ల వైశాల్యము గలది. అడవి యనగానే మన పిల్లల కన్నులయెదుట నల్లమల నిలుచును: మోదుగు, తునికి, మద్ది, బండరాళ్ళు. మడయడవిలో అట్టి దేదియు గానరాదు. మొదట గనబడునది బురద. ఆ బురదలో పచ్చగా, పొట్టిగా, గుంపుగా నిలిచిన చెట్లు. తెల్లమడ, నల్లమడ చెట్ల చుట్టును నేలలోనుండి సీసపుకడ్డీలవలె వేళ్ళు వందలకొలది పైకి పొడుచుకొని యుండును. క్రిందికి పోవలసిన వేరు పైకేల వచ్చినదని పిల్లవాడు అడుగక మానడు. ఉప్పునీటితో నిండిన బురదలో గాలి యాడదు. కనుక ఆ చెట్టు ఊపిరి పీల్చుటకై వేళ్ళను పైకి పంపును. ఉప్పుపొన్న వేరొక యుపాయము గనిపెట్టినది. మంచెకు గుంజలు పాతినట్లు నలుప్రక్కల వంగిన వేళ్ళను దింపుకొని వానిమీద నిలుచును. పోటువచ్చినచో నీరు ఆ కాళ్ళ సందులనుండి పోవునే గాని చెట్టు కదలదు.

ఉప్పుపొన్న గింజ నేలబడి మొలకెత్తదు. తల్లిచెట్టుననే మొలకెత్తి, మునగకాయవలె పొడవుగా బెరిగి, పిదప నూడి బురదలో గ్రుచ్చుకొనును, లేదా పోటునీటిమీద దేలి మరియొక తావునకు బోవును. తెల్లమడ యాకును నాలుకకు దాకించి చూడుడు, ఉప్పు తగులును. తాను ద్రాగిన ఉప్పును ఆ చెట్టు ఆకులద్వారా బయటికి వెడలగొట్టుచున్నది. తిల్లచెట్టును మాత్రము ముట్టరాదు. దాని పాలు కంట బడినచో చూపునకు ప్రమాదము. వృక్షశాస్త్రపు పాఠ్యపుస్తకములో శ్వాసమూలములని ఒక పంక్తియు, ఒక నల్లని బొమ్మయు నున్నవి. ఆ బొమ్మను బట్టీపట్టి గీసిన విద్యార్థి నిజమైన మడవేరును చూచినచో, తాను గీసినది దీనినే యని గుర్తింపగలడో లేదో మాకు సందేహము.

ఓపికతో కదలక కూర్చున్నచో తక్కినవి తామే వచ్చును. మొప్పక్రింది రెక్కలనే కాళ్ళు చేసికొని బురదమీద గెంతు చేపలు, ఒక డెక్క పెద్దదిగను ఒకటి చిన్నదిగను గల పీతలు, కాలువయంచున తల యెత్తి చూచి మునుగు నీటికుక్కలు. నీటిలో దిగి చేపలను పట్టు బావురుపిల్లి యా వనమున నున్నది. అది రాత్రించరము గనుక పగలు పోయినవారికి దాని పాదముల జాడ మాత్రమే దక్కవచ్చును. ఈ బురద వేళ్ళ సందులలోనే రొయ్యపిల్లలును, చేపపిల్లలును పెరిగి పెద్దవై సముద్రమునకు బోవును. ఆ యడవినాధారము చేసికొని బ్రదుకు యానాదులు పీతలను చేతితో బట్టు నేర్పు చూడదగినది. వేదపాఠమున మన పిల్లలు గలిలయ జాలరులను గూర్చియు, వలలను గూర్చియు చిన్ననాటినుండి వినుచున్నారు. వల లాగునప్పుడు మనుష్యుని వీపు ఎట్లు వంగునో చూచినవారు కొలదిమంది.

ఇంతవరకు చెప్పినది యందమును వింతయు. అంతమాత్రమునకే అయినచో ఏ తీరమైనను చాలును, నార్వే పుస్తకమైనను చాలును. కృష్ణ కడకే యేల పోవలయును? ఇదియే మా వాదమునకు గుండెకాయ.

1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు విడిచిరి. ఎడమకాలువ నీరు మన ప్రాంతమునకు వచ్చినది. జొన్నయు సజ్జయు పండిన చెలకలు వరిమళ్ళైనవి. మా విద్యార్థులలో ననేకుల యింటి యన్నము ఆ నీటి యన్నమే. అనేకుల చదువులకు ఫీజులు ఆ నీటినుండి వచ్చినవే. సాగరమును గూర్చి కృతఘ్నతగా మాటలాడుట మా యుద్దేశము గాదు. అట్లు మాటలాడువాడు కరవుకాలపు నల్లగొండను ఎరుగనివాడు.

కాని నది తెచ్చునది నీరు మాత్రమే కాదు. ఒండ్రు గూడ దెచ్చును. దివిసీమ నేల యంతయు వేలయేండ్లుగా కృష్ణ తెచ్చి పోసిన మట్టియే. అందులో మన మెట్టనేలలమీదనుండి వాన కడిగికొనిపోయిన మట్టియు నున్నది. ఆనకట్ట కట్టినపుడు నీరు నిలుచును, మట్టి యడుగుకు దిగును. సాగరమున మొదట 408 టి.ఎం.సీ.లు నిలుచునని లెక్కగట్టిరి; పూడిక చేరుటచే నేడు 312 అని చెప్పుచున్నారు. శ్రీశైలమున 308 యుండగా నేటి లెక్క 215. ఒక టి.ఎం.సీ. యనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. ఎనిమిదవ తరగతి విద్యార్థి యీ తీసివేతలు తానే చేసికొని, ఎంత మట్టి దారిలో నిలిచిపోయినదో యూహించుకొనగలడు. ఆ మట్టి చేరవలసిన చోటు నదీముఖము. చేరకపోవుటచే అచ్చటి తీరమును సముద్రము కొన్ని తావుల కోసికొనుచున్నది. మడచెట్టునకు ఉప్పునీటితోబాటు నదిలోని మంచినీరును, క్రొత్తమట్టియు కావలయును. వానలు తక్కువగు సంవత్సరములలో విజయవాడ దాటి సముద్రమునకు బోవు కృష్ణనీరు మిక్కిలి తగ్గిపోవుచున్నది.

పులిచింతల జలాశయము వచ్చినపుడు మన ప్రాంతపు గ్రామములు కొన్ని మునిగినవి. ఆ యూళ్ళనుండి లేచివచ్చి క్రొత్తయూళ్ళలో గాపురముండు కుటుంబముల పిల్లలు మా బడిలో గలరు. నీరు నిలిపినచో ఎవ్వరికో నష్టమను సంగతి వారికి మేము బోధింపనక్కరలేదు. ఆ నష్టము ఎగువనున్నవారికే గాక దిగువ చివరనున్నవారికిని గలదను సంగతి మాత్రము చూపవలసియున్నది.

దివిసీమ యనగానే పెద్దలకు జ్ఞప్తికి వచ్చునది 1977 నవంబరు 19. ఆనాటి తుపానులో సముద్రము లేచి నేలమీదికి నడచివచ్చెను. సుమారు పదివేలమంది ప్రాణములు గోల్పోయిరి. సొర్లగొంది మొదలగు తీరగ్రామములలో కుటుంబములు కుటుంబములే తుడిచిపెట్టుకొనిపోయినవి. అవనిగడ్డ ప్రాంతపు వృద్ధుల మాటలలో ఆ రాత్రి యిప్పటికిని సజీవముగా నున్నది. మడ దట్టముగా నున్నచో ఆ ప్రాణములన్నియు దక్కెడివని చెప్పుటకు మాకు ధైర్యము లేదు. అంత పెద్ద కెరటమును ఏ చెట్టును పూర్తిగా నాపజాలదు. కాని దట్టమైన మడతోపు కెరటము బలమును తగ్గించును, కొట్టుకొనిపోవువానికి పట్టుకొన కొమ్మ నిచ్చును. మన కాలువనీటికిని ఆ కొమ్మకును సంబంధమున్నదని తెలిసిన పిల్లవాడు పెద్దవాడై మడికి నీరు పెట్టునప్పుడు గట్టు తెగి వృథాగా పారుచుండగా చూచి యూరకుండునా? ఉండడని మా యాశ. ఉన్నను ఉండవచ్చును. చూపకపోయినచో మాత్రము తప్పక యుండును.

దివిసీమ గాక తెలుగుదేశపు తీరమున చూడదగిన తావులు మరికొన్ని కలవు, సంక్షేపముగా చెప్పెదము. కాకినాడ దాపున గోదావరిముఖమున కోరింగ అభయారణ్యమున్నది. 1978లో నేర్పడినది, 235 చదరపు కిలోమీటర్లు. దేశమునందలి పెద్ద మడయడవులలో నొకటి. అచ్చట అటవీశాఖవారు బురదమీదుగా చెక్కవంతెన వేసియున్నారు గనుక చిన్నపిల్లలకు దివిసీమకన్న సుకరము. ఎదుటనున్న హోప్ దీవి యనునది నది తెచ్చిన యిసుకతో సముద్రమున నేర్పడిన దిబ్బ. కాకినాడ రేవునకు అదియే అడ్డుగోడ. శీతకాలపు చివరను అచ్చటి యిసుకలో సముద్రపు తాబేళ్ళు రాత్రివేళ వచ్చి నూరేసి గ్రుడ్లు పెట్టి పోవును. నెలన్నర దాటిన పిమ్మట పిల్లలు బయటికి వచ్చి, ఎటు వెలుగున్న నటు నడచును. సముద్రముపై నుండు వెలుగునే అవి యెరుగును. ఒడ్డున విద్యుద్దీపమున్నచో ఊరివైపు నడచి చచ్చును. దక్షిణమున సూళ్ళూరుపేటయొద్ద పులికాటు ఉప్పునీటి సరస్సు. చిలుక సరస్సు తరువాత దేశమున నంత పెద్దది అదియే. శీతకాలమున రాజహంసలు వేలకొలది వచ్చును. దానికి చేరువ నేలపట్టు చెరువులో గూడబాతులు కడపచెట్లమీద గూళ్ళు గట్టును. వాని రెట్ట కలిసిన చెరువునీరు పొలమునకు బలమని గ్రామస్థులు వానిని కాపాడుచు వచ్చిరి. విశాఖపట్టణమునకును భీమునిపట్టణమునకును నడుమనున్న యెఱ్ఱమట్టిదిబ్బలు కూడ జూడదగినవే. కాని యది మనకు మిక్కిలి దూరము, ఒక్క రాత్రి బసతో తెమలదు.

ఇక ఆక్షేపణములు. మా యెదుటనే కొందరు తల్లిదండ్రులు చెప్పినవానిని దాచక వ్రాయుచున్నాము.

మొదటిది సముద్రభయము. ఇది నిజమైన భయము, దీనిని మేము తేలికగా త్రోసివేయము. ఈత నేర్చిన కాలువపిల్లలకే యెక్కువ ప్రమాదము. కాలువలో నీరు ఒక్క ప్రక్కకే లాగును, సముద్రము తిరిగి వెనుకకు లాగును. ప్రతి సంవత్సరమును తీరమునందు స్నానమునకు దిగిన బాలురు మరణించిన వార్తలు పత్రికలలో చదువుచునే యున్నాము. కనుక మా ప్రతిపాదనలో సముద్రస్నానము లేదు. మడమల లోతు దాటి యెవ్వరును దిగరాదు. పదిమంది పిల్లల కొక యుపాధ్యాయుడు. పడవ యెక్కినచో ప్రతివానికిని తేలుచొక్కా. ఈ నియమములకు లోబడని విద్యార్థిని తీసికొనిపోవలదు, వాడు తరగతిలో మొదటివాడైనను సరే.

రెండవది ఆడపిల్లలను పంపుట. ఇంతవరకు మా దూరయాత్రలలో బాలికల సంఖ్య సగమునకు రాలేదు. దీనికి తల్లులను దూరుట న్యాయము గాదు. రాత్రి బస ఎచ్చట, వెంట నుండు స్త్రీ యుపాధ్యాయు లెవరు, మరుగుదొడ్ల సౌకర్యమేమి, యను ప్రశ్నలకు మేమే ముందుగా వ్రాతపూర్వకముగా జవాబు చెప్పియుండవలసినది. చెప్పలేదు. ఈ తప్పు మాది.

మూడవది "బురద చూచుటకు డబ్బెందుకు?" అని. ఒక రైతుసోదరుడే యీ మాట యనెను. మేము నవ్వితిమి గాని, బురదనుండి జీవనము దీసికొను వాని నోట నీ మాట వచ్చుట మాకు వింతగానే తోచినది. ఖర్చు మాటకు వచ్చినచో, యంత్రపు టుయ్యాలల టిక్కెట్లకన్న నీ యాత్రకు వ్యయము తక్కువగునే గాని యెక్కువ కాదు. బస్సుబాడుగయే ముఖ్యమైన ఖర్చు. బీదవిద్యార్థుల భాగమును పాత విద్యార్థులు భరింపవలెనని మా ప్రార్థన.

నాలుగవ ఆక్షేపణ యెవ్వరును చెప్పలేదు. మాకు మేమే చెప్పుకొనుచున్నాము. మనము పోవుటయే యా చోటికి కీడగునేమో! కొన్ని సంవత్సరముల క్రిందట మేము పిల్లలతో ఒక తీరమునకు పోయితిమి. సాయంకాలమున తిరిగి బస్సెక్కి లెక్క చూచుకొంటిమి, పిల్లలందరును వచ్చిరి. మేము కూర్చుండిన చోటును మాత్రము వెనుకకు తిరిగి చూడలేదు. బస్సు మలుపు తిరుగుచుండగా కిటికీనుండి కనబడినది: ఇసుకపై మా కాగితపు పళ్ళెములు, నీళ్ళసీసాలు, మిఠాయి పొట్లములు, వానిమీద కాకులు. పోటువచ్చినచో అవియన్నియు ఎచ్చటికి బోవునో మాకు తెలియును. అయినను చీకటి పడుచున్నదని బస్సు నాపలేదు. నార్వేవారి మర్యాదను గూర్చి ఇన్ని మాటలు వ్రాసినవారమైనందున దీనిని గూడ వ్రాయవలసివచ్చినది.

కావున ఈ యాత్రకు రెండు బస్సులు వలదు, ఒకటియే చాలును. తొమ్మిదవ తరగతినుండి నలువదిమంది. భోజనము ఇంటినుండి స్టీలు డబ్బాలలో. ధ్వనివర్ధకములు వలదు; పాటలు బస్సులో పాడుకొనవచ్చును, అడవిలో వలదు. మాఘపౌర్ణమినాడు హంసలదీవియందు సముద్రస్నానమునకు జనులు విశేషముగా వత్తురు గనుక ఆ దినములను విడిచి, సంక్రాంతి సెలవుల తరువాత రెండవ వారమున నొక శుక్రవారము బయలుదేరుట మంచిది. అటవీశాఖవారి యనుమతి ముందుగా బొందవలయును. బయలుదేరుటకు ముందు పోటుపాటుల వేళలు తెలిసికొనవలయును. వేళ్ళను చూడవలెనన్న నీరు తీసిన సమయమున పోవలయును. కాలువ తూములు అధికారులు చెప్పిన వేళకు తెరచుటకు అలవాటుపడిన మన పిల్లలకు, ఎవ్వరి మాటయు వినక దినమునకు రెండుమార్లు వచ్చిపోవు నీరు మంచి పాఠము చెప్పును.

పోవునప్పుడు ఒక్కొక్క విద్యార్థియు మట్టపల్లి రేవుననుండి పిడికెడు మట్టిని పొట్లము గట్టి తీసికొనిపోవలెనని మాలో నొకరు సూచించిరి. దివిసీమ యొండ్రుమట్టితో దానిని ప్రక్కప్రక్కనుంచి చూచుటకు. వచ్చునప్పుడు అచ్చటి మట్టి పిడికెడు తేవచ్చునా యను విషయమున అభిప్రాయభేదము కలిగినది. అభయారణ్యమునుండి మట్టియైనను తేరాదని కొందరు, వెలుపలి పొలము గట్టునుండి తేవచ్చునని కొందరు. ఆ ప్రశ్న ఇంకను తేలలేదు. విద్యార్థులే చర్చించి తేల్చుకొందురుగాక యని సాహిత్యసంఘమునకు విడిచితిమి.

సమ్మతించు తల్లిదండ్రులు తమ పిల్లల పేరులను క్రిస్మసు సెలవులకు ముందుగా కార్యాలయమున నిచ్చిన చాలును. బాలికల పేరులు మొదట వ్రాసికొనబడును. నార్వే పుస్తకము చూచి ప్రశ్న యడిగిన బాలుని పేరు మేమే వ్రాసికొంటిమి. సముద్రమే లేదన్నవాని పేరు గూడ.